రేవు రేవుకీ ఒక కాగితం

వేసవి దగ్గర పడుతోందంటే మా సియాటిల్ చుట్టుపక్కల తెలుగిళ్ళలో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం గది సర్దడం. రెండోది, వాళ్ళని ఎక్కడెక్కడికి తిప్పాలో లెక్కలు వేసుకోవడం. ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు. "మీరు అలాస్కా క్రూజ్ వెళ్ళొచ్చారు కదా, ఎలా ఉంటుందండీ?" అని. బాల్కనీ గది తీసుకోవాలా, చలికి ఎలాంటి బట్టలు కావాలి, అత్తగారు ఉల్లి, వెల్లుల్లి తినరు, తిండి సంగతేమిటి... ఇవన్నీ అడిగారు. ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. 2024లో నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకోనందుకు ఏమైందో చెబితే ఇంకొకరికి పనికొస్తుందని ఇవాళ ఇది రాస్తున్నాను.

ముందు అసలు ఆ క్రూజ్ ఎందుకు ఎక్కాలనుకున్నామో చెప్పాలి.

అమ్మ పుట్టిల్లు అవనిగడ్డ వైపు, మెట్టినిల్లు రేపల్లె. మధ్యలో కృష్ణ. పెనుమూడి, పులిగడ్డల మధ్య వారధి రాకముందు పుట్టింటికి వెళ్ళాలంటే రేవులో పడవ ఎక్కాల్సిందే. ఒక చేతిలో నేను, ఇంకో చేతిలో అరటిపళ్ళ సంచి, అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పడవ ఎక్కడం నాకు బాగా గుర్తు. 2017లో అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, సియాటిల్ ఒడ్డున నిలబడి, రేవులో ఆగి ఉన్న తెల్లటి పెద్ద ఓడను చూశాం. నాన్న దాని అంతస్తులు లెక్కపెట్టబోయి మధ్యలో లెక్క తప్పారు. "మన పెనుమూడి పడవకి ముత్తాతలా ఉందే!" అన్నారు. అమ్మ నవ్వి, "ఎక్కితే ఎంతవుతుందో" అంది. "మళ్ళీ వచ్చినప్పుడు ఎక్కుదాం లే" అన్నారు నాన్న.

మళ్ళీ రావడం నాన్నకి కుదరలేదు. 2021 మే నెలలో వెళ్ళిపోయారు. నేను అన్నీ ఫోన్‌లోనే చూశాను.

ఆ తర్వాత మూడేళ్ళు అమ్మ రేపల్లె దాటి కదల్లేదు. ఎంత పిలిచినా "ఒక్కదాన్నీ అంత దూరం ఎలా వస్తానే" అనేది. చివరికి 2024 వేసవికి ఒప్పుకుంది. ఒప్పుకుందని తెలిసిన వారంలోనే మావారు క్రూజ్ బుక్ చేశారు. ఏడు రాత్రులు. సియాటిల్‌లో ఎక్కడం, సియాటిల్‌లోనే దిగడం. మధ్యలో జూనో, స్కాగ్వే, కెచికాన్. ఆఖరి రోజు రాత్రి విక్టోరియాలో నాలుగు గంటలు. డాలస్ నుంచి మా ఆడపడుచు కుటుంబం కూడా వస్తామన్నారు. ఏప్రిల్‌కల్లా డబ్బంతా కట్టేశాం. మేలో అమ్మ వచ్చింది.

విక్టోరియా కెనడాలో ఉందని నాకు తెలియక కాదు. తెలుసు. కానీ నా లెక్క వేరు. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలు గూడూరులో ఆగుతుంది. మనం దిగకపోతే గూడూరుతో మనకేం పని? అలాగే ఓడ ఆగితే ఆగనీ, అమ్మ గదిలోనే ఉంటుంది, కెనడాతో మనకేం పని అనుకున్నాను. పైగా మా ఇద్దరికీ రెండేళ్ళ కిందటే వాంకూవర్ వెళ్ళడానికి తీసుకున్న కెనడా వీసాలు ఉన్నాయి. ఇంట్లో ఉన్నదాన్ని గురించి ఎవరు ఆలోచిస్తారు చెప్పండి? ఉప్పు డబ్బా నిండుగా ఉన్నన్నాళ్ళూ ఉప్పు గురించి ఆలోచించం.

మే నెలాఖరులో తెలిసినవారింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. ప్రసాదం తింటూ మాటల్లో క్రూజ్ సంగతి చెప్పాను. పక్కన కూర్చున్నావిడ చేతిలో గిన్నె కింద పెట్టి, "మరి మీ అమ్మగారికి కెనడా వీసా వచ్చిందా?" అంది. "ఆవిడ దిగదులెండి" అన్నాను. "దిగడం కాదండీ, ఎక్కనివ్వరు" అంది ఆవిడ. అంతకు ముందు ఏడాది వాళ్ళ అత్తామామల్ని సరిగ్గా ఇలాగే రేవులో, పెట్టెలతో సహా, వెనక్కి పంపేశారట. ఆవిడ, వాళ్ళాయన వాళ్ళతోపాటు వెనక్కి వచ్చేశారట. డబ్బు తిరిగి రాలేదట.

నాకు ప్రసాదం గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి బుకింగ్ కాగితాలు మొదటి నుంచీ చదివాను. అంతకు ముందు గదుల బొమ్మలు, భోజనాల వివరాలు చదివానే తప్ప, సన్నక్షరాల జోలికి పోలేదు. అందులో స్పష్టంగా ఉంది. ప్రయాణంలో ఓడ ఆగే ప్రతి దేశానికీ కావలసిన పాస్‌పోర్టు, వీసా ఎవరివి వారే చూసుకోవాలి. లేకపోతే ఎక్కనివ్వరు, డబ్బు ఇవ్వరు. ఓడ ఒక దేశం నీళ్ళలోకి వచ్చి రేవు కట్టిందంటే, అందులో ఉన్నవాళ్ళంతా ఆ దేశానికి వచ్చినట్టే లెక్క. గదిలో పడుకున్నా సరే. ఎవరికైనా ఒంట్లో బాగోక ఆసుపత్రికి దించాల్సి వస్తే? ఓడ చెడిపోయి అందరూ దిగాల్సి వస్తే? అప్పుడు ఆ మనిషిని ఆ దేశం రానివ్వాలి కదా. అందుకే రైలుతో నేను పెట్టిన పోలిక తప్పు. గూడూరుకి సరిహద్దు లేదు, విక్టోరియాకి ఉంది.

అసలు అమెరికాలో ఎక్కి, అమెరికాలో ఉన్న అలాస్కా చూసి, అమెరికాలో దిగే ఓడ మధ్యలో కెనడాకి ఎందుకు వెళ్ళాలి? రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి అర్ధరాత్రి బయల్దేరడంలో చూసేదేముంటుంది? ఆ ప్రశ్న మా అబ్బాయి వేశాడు. వాడే వెతికి చెప్పాడు. 1886లో అమెరికా ఒక చట్టం చేసింది. వేరే దేశాల ఓడలు అమెరికా రేవుల మధ్య మాత్రమే ప్రయాణికుల్ని తిప్పకూడదని దాని సారాంశం. ఈ పెద్ద పెద్ద క్రూజ్ ఓడలు చాలావరకు నడిపే కంపెనీలు అమెరికాలో ఉన్నా, ఓడల్ని మాత్రం బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట్ల రిజిస్టర్ చేయిస్తాయి. కాబట్టి సియాటిల్ నుంచి బయల్దేరిన ఓడ తిరిగి సియాటిల్ చేరే లోపల ఒక్క విదేశీ రేవునైనా ముట్టి రావాలి. దగ్గరలో ఉన్నది విక్టోరియా. కరోనా కాలంలో కెనడా తన రేవులు మూసేస్తే, అలాస్కా క్రూజులు నడవడానికి 2021లో అమెరికా పార్లమెంటు తాత్కాలికంగా ఒక ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చిందట. 138 ఏళ్ళ నాటి చట్టం ఒకటి వచ్చి రేపల్లెలో ఐదో తరగతి దాకా చదివిన మా అమ్మ దారికి అడ్డం నిలబడింది చూడండి!

ఆ రాత్రి భోజనాల బల్ల మీద అందరి పాస్‌పోర్టులూ పరిచాను. డాలస్‌కి ఫోన్ కలిపాను. అప్పుడు తెలిసింది, మేమంతా ఒకే కుటుంబమే కానీ కాగితాల ప్రకారం నాలుగు రకాల మనుషులం.

మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, అమెరికా పౌరుడు. వాడికి పాస్‌పోర్టు చాలు, ఇంకేమీ అక్కర్లేదు. నిజానికి అమెరికా పౌరులకి, ఎక్కిన రేవులోనే దిగే ఇలాంటి ప్రయాణానికి, పాస్‌పోర్టు లేకపోయినా జనన ధ్రువపత్రం, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటే సరిపోతుంది. పదహారేళ్ళ లోపు పిల్లలకైతే జనన పత్రం ఒక్కటే చాలు. మా ఆడపడుచుకీ వాళ్ళాయనకీ గ్రీన్ కార్డు. ఇండియా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ చూపిస్తే వాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు. మావారు హెచ్‌1బి, నేను హెచ్‌4. ఇక్కడ పద్నాలుగేళ్ళుగా ఉంటున్నా, కెనడాకి మేం మామూలు ఇండియా వాళ్ళమే, వీసా కావాలి. అది ఉంది. ఇక నాలుగో రకం అమ్మ. బి2 మీద చుట్టపుచూపుగా వచ్చింది. అమెరికా వీసా ఉంది కదా అని కెనడా రానివ్వదు. ఆ వీసా వేరేగా తీసుకోవాలి.

నాది కూడా ఒక చిక్కు బయటపడింది. నా పాస్‌పోర్టులో హెచ్‌4 స్టాంపింగ్ గడువు అయిపోయింది. ఇక్కడ ఉండడానికి అనుమతి కాగితం ఉంది కానీ, ఒకసారి దేశం దాటితే లోపలికి రావడానికి స్టాంపు కావాలి కదా అని గుండె జారింది. మావారి కంపెనీ లాయర్‌ని అడిగితే, కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్ళి వచ్చేవాళ్ళకి, గడువున్న ఐ-94 చేతిలో ఉంటే పాత స్టాంపుతోనే రానిచ్చే నిబంధన ఒకటి ఉందని చెప్పారు. అక్కడ ఉన్నప్పుడు కొత్త వీసాకి మాత్రం అప్లై చేయకూడదట. ఆ కాగితాలన్నీ ప్రింటు తీసి పెట్టుకోమన్నారు. మీలో నాలాంటివాళ్ళు ఉంటే, నా మాట మీద వెళ్ళకుండా మీ లాయర్‌ని అడిగి మరీ వెళ్ళండి.

అసలు చిక్కు అమ్మది. రెండు నెలలు కూడా లేదు. మావారు చాలాసేపు ఆలోచించి నెమ్మదిగా అన్నారు. "వీసా రాకపోతే వారం రోజులు అత్తయ్య గారిని మన స్నేహితులింట్లో ఉంచుదాం. అంతమంది టికెట్లు, అంత డబ్బు, అంతా ఎలా వదులుకుంటాం?" ఆయన చెడ్డగా అనలేదు. లెక్క ప్రకారం అదే సబబు. కానీ ఆ మాట అంటున్నప్పుడు అమ్మ వంటింట్లో మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"అదే మంచిది బాబూ. నాకా నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయి. మీరు వెళ్ళి రండి" అంది.

కృష్ణ వరద మీదున్నప్పుడు కూడా నన్ను ఒళ్ళో పెట్టుకుని పడవ దాటిన మనిషికి నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయట! నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, మావారి మీద కాదు, నా మీద. అమ్మ కోసం అనుకున్న ప్రయాణం అది. అందులో అమ్మ కాగితాలు తప్ప మిగతా అందరివీ సరిగ్గా ఉన్నాయి. ఇల్లంతా భోంచేశాక చూసుకుంటే వండినావిడకే కూర మిగల్లేదన్నట్టు!

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమెరికాలో చట్టప్రకారం ఉన్నవాళ్ళు ఇక్కడి నుంచే కెనడా వీసాకి ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు. రుసుము 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుంది. నేను ప్రశ్నలు చదవడం, ఆమె చెప్పడం.

పేరు దగ్గరే మొదటి తప్పు దొరికింది. క్రూజ్ బుకింగ్‌లో నేను అమ్మ పేరు ఊళ్ళో అందరూ పిలిచేలా చివర "అమ్మ" చేర్చి రాశాను. పాస్‌పోర్టులో అది లేదు. వెంటనే ఫోన్ చేసి మార్పించాను.

తర్వాత వైవాహిక స్థితి. వివాహిత, అవివాహిత, విడాకులు, వితంతువు... కిందకి వరసగా ఉన్నాయి. నా చేయి ఆగిపోయింది. మూడేళ్ళలో ఆ మాట నేనెప్పుడూ ఎక్కడా రాయలేదు. అమ్మ తెర వైపు చూస్తూ, "ఏముందే అందులో? ఉన్నదే నొక్కు" అంది. నొక్కాను.

తర్వాత వృత్తి. "ఏం రాయమంటావమ్మా?" అన్నాను. "నాకేం వృత్తే? ఖాళీగా వదిలెయ్యి" అంది. వదిలేయడానికి లేదు. "హోమ్‌మేకర్" అని రాశాను. ఎప్పటి నుంచి అని అడిగాడు. పదేళ్ళ వివరాలు చాలు వాడికి. నేను ఊరికే అమ్మని అడిగాను, ఎప్పటి నుంచి అని. "పదహారో ఏటి నుంచి" అంది ఠక్కున. నా కాగితాల్లో కూడా అదే మాట రాసుకుంటాను నేను. పదిహేనేళ్ళుగా రాస్తూ ఎప్పుడూ చిన్నతనంగానే అనిపించేది. ఆ రోజు అమ్మ చెప్పిన తీరులో చిన్నతనం లేదు. సర్వీసు చెప్పినట్టు చెప్పింది.

నాన్న ఫ్యామిలీ పెన్షన్ కాగితం, రేపల్లె ఇంటి పన్ను రసీదు, తిరుగు ప్రయాణం టికెట్టు, క్రూజ్ బుకింగ్, మా ఆహ్వాన పత్రం, మావారి జీతం కాగితాలు, అన్నీ జత చేశాం. ఈమె కెనడా వెళ్ళి అక్కడే ఉండిపోదు, తిరిగి వచ్చేస్తుంది అని నమ్మించడానికే ఈ కాగితాలన్నీ.

వేలిముద్రలకి ఇక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులోనే పిలిచారు. అమ్మ కుడిచేతి వేళ్ళు మిషన్ మీద పెడితే పడలేదు. మళ్ళీ పెట్టించారు. మళ్ళీ పడలేదు. యాభై ఏళ్ళు అంట్లు తోమి, పిండి రుబ్బి, చింతపండు పిసికిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. అక్కడున్న పెద్దాయన విసుక్కోకుండా తడి కాగితంతో వేళ్ళు తుడిచి, ఒక్కో వేలూ తనే నెమ్మదిగా నొక్కి నాలుగోసారికి తీసుకున్నాడు. బయటికొచ్చాక అమ్మ తన వేళ్ళు తనే చూసుకుంటూ, "ఉన్నాయన్నమాట" అంది.

తర్వాత ఎదురుచూపులు. జూన్ అంతా అలాగే గడిచింది. రోజూ పొద్దున పాలు పొంగేలోపు ఒకసారి, రాత్రి గిన్నెలు సర్దాక ఒకసారి మెయిల్ చూసేదాన్ని. మావారు కూడా చూసేవారు, నాకు చెప్పకుండా. జులై మొదట్లో పాస్‌పోర్టు పంపమని కబురు వచ్చింది. అంటే దాదాపు వచ్చినట్టే. కానీ పాస్‌పోర్టు పోస్టులో పంపాక అమ్మ చేతిలో ఏ కాగితమూ లేని ఆ పది పన్నెండు రోజులు నాకు నిద్ర లేదు. ఓడ బయల్దేరడానికి ఐదు రోజుల ముందు కవరు వచ్చింది. అమ్మే సంతకం పెట్టి తీసుకుంది. విప్పి, లోపల అంటించిన వీసా కాగితం మీద తన ఫొటో చూసుకుని, "ఇందులో బానే పడ్డానే" అంది. మావారు ఆ రోజు సాయంత్రం మిఠాయి పట్టుకొచ్చి ముందు అమ్మకే పెట్టారు. ఆయన చెప్పాలనుకున్నది అదే అని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు.

రేవులో ఇంకో ముచ్చట జరిగింది. కౌంటర్ దగ్గర అమ్మ తన చేతిసంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట తీసి ఇచ్చింది. అమ్మ అమెరికా వీసా 2016లో ఇచ్చినది, పాత పాస్‌పోర్టులో ఉంది. 2022లో కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు పాతదాని మూల కత్తిరించి ఇచ్చినా, లోపలి వీసా చెల్లుతుంది. అందుకని రెండూ ఉండాలని నేనే చెప్పాను. కట్టలో మూడున్నాయి. అక్కడి అమ్మాయి మూల కత్తిరించినది ఒకటి తెరిచి, ఫొటో చూసి, అమ్మని చూసి, మళ్ళీ ఫొటో చూసింది. అది నాన్నది.

నేను గాభరాగా ఏదో చెప్పబోయాను. ఆ అమ్మాయి అమ్మని, "మీ భర్తా?" అని అడిగింది. అమ్మకి ఆ ఒక్క ఇంగ్లీషు మాట తెలుసు. తలూపింది. ఆ పిల్ల ఇంకేం అడగలేదు. దాన్ని మూసి, రెండు చేతులతో అమ్మకి తిరిగి ఇచ్చి, మిగతా రెండూ చూసుకుని, బోర్డింగ్ కార్డు ఇచ్చేసింది.

"అదెందుకు తెచ్చావమ్మా?" అన్నాను లోపలికి నడుస్తూ.

"ఇద్దరివీ కలిపే ఇంటర్వ్యూకి పట్టుకెళ్ళాం, కలిపే దాచాను. ఇప్పుడు విడదీయడం ఎందుకని" అంది.

ఓడ గురించి ఎక్కువ చెప్పను, ఫొటోలు ఇదివరకే పెట్టాను. జూనో దగ్గర మెండెన్‌హాల్ హిమానీనదం చూసి అమ్మ, "ఇంత మంచు ఎవరికీ అక్కర్లేకుండా ఎలా పడి ఉందో" అంది. కెచికాన్‌లో వాన. భోజనాల హాలులో పప్పూ అన్నం దొరికాయి. వడ్డించే కుర్రాడు ముంబై వాడు. అమ్మా వాడూ, వచ్చీరాని హిందీలో రోజూ కబుర్లే. నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయన్న మనిషి ఏడు రోజులూ ఒక్క మాత్ర వేసుకోలేదు. డెక్కు మీద కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, గంటలు గంటలు నీళ్ళకేసి చూస్తూ కూర్చునేది.

ఆఖరి రాత్రి విక్టోరియా చేరాం. అందరం దిగడానికి తయారయ్యాం. అమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని, "మోకాళ్ళు లాగుతున్నాయే. మీరు వెళ్ళి రండి" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అమ్మా! రెండు నెలలు నిద్ర మాని ఈ ఊరి కోసమేనే నీకు వీసా తెప్పించాను!" అన్నాను.

అమ్మ తాపీగా అంది. "వీసా దిగడానికి కాదుగా తల్లీ. ఎక్కడానికి. ఎక్కాను కదా."

ఈ విషయం మీద ఎన్ని పేజీలు చదివినా నాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మేం వెళ్ళి, దీపాలతో మెరిసే అక్కడి అసెంబ్లీ భవనం ముందు ఫొటోలు దిగి గంటలో వచ్చేశాం. మర్నాడు పొద్దున సియాటిల్‌లో నా పాత స్టాంపు, అనుమతి కాగితం చూసి, ఆఫీసరు రెండు ప్రశ్నలడిగి వదిలేశాడు. ఇంటికొచ్చాక అమ్మ పాస్‌పోర్టు పేజీలు తిప్పి, "కెనడా వాళ్ళు ముద్ర వేయలేదేం?" అని కాస్త నిరుత్సాహపడింది.

ఇప్పుడు మీకు నాలుగు మాటలు.

క్రూజ్ బుక్ చేసే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన అడ్డంగా ఓడ ఆగే రేవుల పేర్లు, పక్కన అవి ఏ దేశాలవో రాయండి. కింద నిలువుగా ఇంట్లోవాళ్ళ పేర్లు. ఒక్కో మనిషికీ ఒక్కో రేవుకీ ఏ కాగితం కావాలో గడి గడీ నింపండి. "మనందరికీ" అని ఒకే మాట రాయకండి. ఓడ దిగుతామా లేదా అన్నది లెక్కలోకి తీసుకోకండి. క్రూజ్ కంపెనీ చెప్పింది చదవండి, ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైటు కూడా చదవండి. నియమాలు మారుతుంటాయి, డబ్బు కట్టేముందు ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి సింగపూర్ వెళ్ళి అక్కడ క్రూజ్ ఎక్కే మన వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఓడ మలేషియాకో థాయ్‌లాండ్‌కో వెళ్ళి తిరిగి సింగపూర్ వస్తుంది. అంటే సింగపూర్‌లోకి మీరు రెండుసార్లు వెళ్తున్నట్టు. ఒక్కసారికే చెల్లే వీసా అయితే రెండోసారి చిక్కే. యూరప్‌లోనూ అంతే. షెంగెన్ వీసాతో గ్రీసులో ఎక్కిన ఓడ మధ్యలో టర్కీ వెళ్ళి వస్తే, టర్కీ నియమాలు వేరేగా చూసుకోవాలి, షెంగెన్ వీసా కూడా పలుమార్లు వెళ్ళొచ్చేదై ఉండాలి. అంతెందుకు, మన లక్షద్వీప్ వెళ్ళాలన్నా మనకే అనుమతి పత్రం కావాలి.

పాస్‌పోర్టుకి తిరిగొచ్చే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు, నాలుగు ఖాళీ పేజీలు ఉండేలా చూసుకోండి. టికెట్టులో పేరు అచ్చం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, మనం పిలుచుకునే పేరు కాదు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండూ పట్టుకెళ్ళండి. అమెరికా పౌరులైన పిల్లలకి జనన పత్రం చాలు అన్నా పాస్‌పోర్టు తీసుకెళ్ళడమే మేలు. మధ్యలో ఏదైనా అయి విదేశం నుంచి విమానంలో రావాల్సి వస్తే ఆ పత్రం పనికిరాదు. అన్నిటికీ నకళ్ళు తీసి వేరే సంచిలో పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి కాగితాలు మొదట చూడండి. "నేను ఉంటాలే, మీరు వెళ్ళి రండి" అనే మనిషి ఎవరో మీకు తెలుసు కదా. వాళ్ళవి.

మొన్న ఆదివారం అమ్మ రేపల్లె నుంచి ఫోన్ చేసింది. పచ్చళ్ళ సంగతులు, పక్కింటివాళ్ళ పెళ్ళి సంగతులు అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఆ కెనడా వీసాకి ఇంకా ఎన్నేళ్ళు గడువుందే?"